నాలుగో పథ్యం

నిన్న మధ్యాహ్నం మా మనుమరాలు ఫోన్ తెచ్చి నా కళ్లముందు పెట్టింది. "అమ్మమ్మా, గిది నిజమేనా? జర చూసి చెప్పు" అంది. దానికి పెళ్లయి మూడేళ్లు. ఆ వీడియో ఎవరు పంపారో, ఎందుకు పంపారో అది చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్‌లో ఒకామె బొద్దుగా ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆరేళ్లు ఎదురుచూశామని, ఫలానా పొడి మూడు నెలలు పాలల్లో కలుపుకుని తాగానని, ఇదిగో చూడండని బిడ్డను కొంచెం పైకెత్తి చూపింది. మధ్యమధ్య ఆమె చూపు పక్కకు పోతోంది. అక్కడెవరో నిలబడి బిడ్డను ఇంకా పైకెత్తమని సైగ చేస్తున్నట్టున్నారు. మనుమరాలు బిడ్డను చూస్తోంది. నేను ఆమె చేతులను చూశాను. బిడ్డను అట్లా ఎత్తి చూపే తీరు నాకు బాగా తెలుసు. ఏడాదిన్నర పాటు నేను చేసిన పని అదే.

నేను లక్సెట్టిపేటకు కోడలిగా వచ్చినప్పుడు మా ఆయన కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేస్తుండేవాడు. దసరాకు వచ్చేవాడు, ఉగాదికి వచ్చేవాడు. వచ్చిన నాలుగైదు రోజుల్లో ఒక రోజు చుట్టాల పలకరింపులకు, ఒక రోజు ఇల్లు కప్పించడానికి, ఒక రోజు వాళ్ల అన్నతో పొలం గట్ల మీద తిరగడానికి పోయేది. మిగిలిన రోజు ఆయన నిద్రపోయేవాడు. ఏడాది పొడుగునా భూమి లోపల ఉండి వచ్చిన మనిషిని లేపడానికి నాకు మనసొప్పేది కాదు. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి. ఈ నాలుగేళ్లలో నాకు పిల్లలు కాలేదని మా అత్త నీళ్ల బిందె దించేటప్పుడొకసారి, రొట్టె కాల్చేటప్పుడొకసారి నిట్టూర్చేది. వాడకట్టులో వాళ్లు నా జాతకం అడిగారు, నా తల్లిగారింట్లో ఎవరికైనా ఇట్లా ఉందా అని అడిగారు. కొడుకు ఎక్కడున్నాడని మాత్రం అత్తను ఎవరూ అడగలేదు. ఎక్కడున్నాడో అందరికీ తెలుసు కాబట్టి అడగాలని తోచలేదేమో.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, ఆ ఇంటికి పెద్ద. వయసులో ఉన్నప్పుడు ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉండి, అక్కడ ఒక హకీం సాహెబుతో స్నేహం కుదిరి, ఆయన మందుల పెట్టె మోస్తూ ఊళ్లు తిరిగి, చివరకు ఏవో నాలుగు మూలికల పేర్లు, బోలెడు మాట నేర్పు తీసుకుని ఇంటికి వచ్చాడు. మనిషి మంచివాడే. ఎదుటివాళ్ల కష్టం వింటే ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగేవి. ఆ నీళ్లు ఆరకముందే సీసా తీసి చేతిలో పెట్టేవాడు, అంతే తేడా. తెలుగు, ఉర్దూ, కొంచెం మరాఠీ కలిపి మాట్లాడుతుంటే అంగడిలో ఎడ్లు కొనడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడి వినేవాళ్లు. తాను అబద్ధమాడుతున్నానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అందుకే ఆయన మాటలో తొట్రుపాటు ఉండేది కాదు.

ఆయన సొంతంగా మూలికలతో కాచిన మొదటి అర్కు సీసా నాకే ఇచ్చాడు. నేరుగా నా చేతికి కాదు. బావగారు మరదలితో మాట్లాడే ఇల్లు కాదు మాది. సీసా మా అత్తకిచ్చి, దర్వాజ చాటున ఉన్న నాకు వినబడేటట్టు చెప్పాడు. "అవ్వా, మూడు నెలలు తాగాలె. పథ్యం మూడు తీర్లు. పులుపు ముట్టద్దు, వంకాయ ముట్టద్దు, చద్దిది తినద్దు. పథ్యం తప్పితే నాది జిమ్మెదారి కాదు." వంకాయ సరే, చద్దిదీ సరే. మా దిక్కున పులుపు లేకుండా మూడు నెలలంటే, మీరే ఆలోచించండి. పచ్చిపులుసు లేని పూట ఉండేది కాదు. జొన్నరొట్టె తెల్లగా, చప్పగా నా ముందుంటే, ధాన్యం గుమ్మి వెనక చింతకాయ తొక్కు జాడీ నన్ను పిలిచేది. తొమ్మిదో రోజున ఓడిపోయాను. అత్త మడుగు కాడికి బట్టలు తీసుకుపోగానే గుమ్మి వెనక కూర్చుని, వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలూ రోజూ తిన్నాను. తిన్న ప్రతిసారీ పాపం చేసినట్టు భయపడ్డాను, భయపడుతూ ఇంకొంచెం తిన్నాను.

సరిగ్గా ఆ నెలల్లోనే శ్రీరాంపూర్ దిక్కు కొత్త బాయి తవ్వుతున్నారని మా ఆయనను కొత్తగూడెం నుంచి అక్కడికి మార్చారు. ఇక ప్రతి సెలవుకూ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేవాడు. వారం వారం చూస్తున్న కొద్దీ ఈ మనిషి నవ్వుతాడని, నిద్రలో మాట్లాడతాడని, ఉల్లిగడ్డ పచ్చిది కొరుక్కుని తింటాడని నాకు తెలిసివచ్చింది. మూడో సీసా సగంలో ఉండగా నాకు నెల తప్పింది. అత్త ఏడ్చింది. బావగారు సీసాకు దండం పెట్టాడు. "నాలుగేండ్ల సంది కానిది, మూడు సీసాలల్ల అయింది. ఇంకేం సాక్ష్యం గావాలె!" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నాలుగేళ్లు కాలేదు, నిజం. సీసాలు తాగాను, నిజం. అయింది, అదీ నిజం. మా ఆయన సెలవులు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

కొడుకు పుట్టాక నా బతుకు మారిపోయింది. బావగారు కరీంనగర్ పోయి కరపత్రాలు అచ్చువేయించుకొచ్చాడు. పైన తామరపువ్వులో కూర్చున్న బాబు బొమ్మ, కింద మూడు పథ్యాలు, అన్నిటికంటే కింద పెద్ద అక్షరాల్లో "సాక్ష్యం: మా ఇంటి కోడలే. వచ్చి చూడవచ్చును." మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి ఆ వాక్యం నేనే చదువుకోగలిగాను. అంగడి రోజు వచ్చిందంటే పొద్దున్నే తలంటు పోసుకుని, చీర మార్చుకుని, పిల్లవాడికి కాటుక పెట్టి ముందరి అర్రలో గొంగడి మీద కూర్చోవాలి. ఆడవాళ్లు వచ్చేవాళ్లు. గోదావరి అవతలి నుంచి, అడవి దిక్కు నుంచి, ఎక్కడెక్కడినుంచో. కొందరు పిల్లవాడి కాలు పట్టుకుని చూసేవాళ్లు, కొందరు నా కడుపు మీద చెయ్యి పెట్టి ఆ చేతిని తమ కళ్లకు అద్దుకునేవాళ్లు. నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. అడిగినా దర్వాజ దగ్గరి నుంచి బావగారే జవాబు చెప్పేవాడు. నేను బిడ్డను పైకెత్తాలి, అంతే.

ఆ అర్రలో కూర్చునే నేను మనుషులను ఎట్లా నమ్మిస్తారో నేర్చుకున్నాను. ఎవరైనా వెనకాడితే బావగారు గొంతు తగ్గించి, తహసీల్దారుగారి ఇంట్లో కూడా ఇదే వాడుతున్నారు, ఎవరితో అనకండి అనేవాడు. ఆ తహసీల్దారుకు అప్పటికే అయిదుగురు పిల్లలని ఊరందరికీ తెలుసు. అయినా ఆ రహస్యం విన్నవాళ్ల ముఖాలు వెలిగిపోయేవి. మూలిక ఈ అమావాస్య దాకే దొరుకుతుందనేవాడు. అమావాస్యలు వచ్చాయి, పోయాయి, మూలిక మాత్రం దొరుకుతూనే ఉంది. పని చేసినవాళ్ల పేర్లు ఆయన నాలుక చివర ఉండేవి. పని చేయనివాళ్లను అడిగితే, వాళ్లు పథ్యం తప్పారు. ఒకసారి మా పిల్లవాడు విరేచనాలు పట్టుకుని బక్కచిక్కాడు. ఆ అంగడి రోజు ఎదురింటి వాళ్ల బొద్దు పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టారు. వాడు నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చాడు. వచ్చినవాళ్లు "ఎంత బలమున్నదో గొంతుల" అని మెచ్చుకుని సీసాలు పట్టుకుపోయారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

శ్రీరాంపూర్‌లో మా ఆయనకు క్వార్టర్ వచ్చింది. రెండు అర్రలు, ముందు జాగ. నన్ను, పిల్లవాణ్ణి తీసుకుపోతానని అడిగాడు. బావగారు కాదనలేదు, అవుననలేదు. "ఈ ఎండకాలం పోనీ" అన్నాడు. తర్వాత "వానలు వెలిసినంక" అన్నాడు. మా ఆయనకు తండ్రి తర్వాత తండ్రి ఆ అన్న. ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నేనా, నా నోటికే తాళం. నిజం చెప్పాలంటే ఏమని చెప్పాలి? అంతమంది ఆడవాళ్ల ముందు, అత్త ముందు, బావగారి ముందు, నా మొగుడు ఇంట్లో లేడు గనక కాలేదు, వచ్చాడు గనక అయిందని చెప్పాలా? అట్లాంటి మాట పైకి అనగలిగిన ఆడది మా వాడలో ఎవరూ లేరు. ఆ మాటొక్కటీ పలకలేకనే ఏడాదిన్నర ఆ గొంగడి మీద కూర్చున్నాను. కిటికీలోంచి బస్సు పోతున్న చప్పుడు వినిపిస్తే శ్రీరాంపూర్ బస్సేమోనని మెడ చాపి చూసేదాన్ని.

అప్పుడు వచ్చింది షోలాపూర్ ఆమె. అసలు ఊరు జగిత్యాల దగ్గర పల్లె, గోదావరి దాటి అత్తతో వచ్చేది. మొగుడు షోలాపూర్ మిల్లుల్లో మగ్గం మీద పనిచేస్తాడని వాళ్ల అత్త మా అత్తతో ఏదో మాటల్లో చెబుతుంటే విన్నాను కాబట్టి నా మనసులో ఆమెకు ఆ పేరు పెట్టుకున్నాను. నాకంటే రెండేళ్లు చిన్నదేమో. మూడు నెలలు వరసగా వచ్చి మూడు సీసాలు తీసుకుపోయింది. వచ్చిన ప్రతిసారీ నా పిల్లవాణ్ణి ముట్టుకోకుండా, కొంచెం దూరం కూర్చుని చూసేది. నాలుగోసారి వచ్చినప్పుడు అత్తతో పాటు వాళ్ల కులపెద్ద కూడా వచ్చాడు. ఆమె ఒళ్లో గుడ్డ మూట ఉంది. విప్పితే మూడు ఖాళీ సీసాలు, శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టినవి. తిరిగి ఇచ్చేయడానికి తెచ్చింది.

ఆమె అత్త చుట్టు తిప్పకుండా సంగతి చెప్పింది. తన అన్న బిడ్డ ఉంది, కొడుకుకు మళ్లీ పెళ్లి చేయాలనుకుంటున్నారు. కులపెద్ద మాత్రం మందు తాగించారు కదా, మందిచ్చిన మనిషి నోట ఒక మాట వినాలన్నాడు. "మందు పనిజేసే మందే గదా? అందరికీ అయితున్నది. మరి గీ పిల్లకు కాలేదంటే ఏందన్నట్టు? నువ్వే చెప్పు" అని బావగారిని అడిగాడు.

బావగారు ఆ పిల్ల వైపు తిరిగి జాలిగానే అడిగాడు. "పథ్యమున్నవా, బిడ్డా?"

"ఉన్న" అంది ఆమె.

"ఏడున్నది!" అంది ఆమె అత్త. "చింతచిగురు పప్పు రెండు బుక్కలు తిన్నది. నా కండ్లతోని చూసిన."

బావగారి ముఖం తేటపడింది. "గదీ సంగతి! మందుల తప్పు లేదు. పథ్యం తప్పింది."

"బిడ్డ కోసం నాలిక కట్టుకోనిది ఇంకేం కాపురం జేస్తది?" అంది ఆ ముసలామె. కులపెద్ద తలాడించాడు. ఆ పిల్ల సీసాలను మళ్లీ గుడ్డలో ఒక్కొక్కటే చుట్టడం మొదలుపెట్టింది. రెండు బుక్కల పప్పుకు ఆమె కాపురం పోతోంది. నేను జాడీ సగం ఖాళీ చేసి ఇక్కడ బిడ్డను పట్టుకుని కూర్చున్నాను. "నేను తొక్కు తిన్న" అన్నాను.

అర్రలో అందరూ నా వైపు చూశారు. బావగారు ఉన్నప్పుడు నా గొంతు ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. "మూడు నెలలు తిన్న. దినాం తిన్న. గుమ్మెనక కూసొని తిన్న" అన్నాను. బావగారు ఒక్క క్షణం తడబడ్డాడు, ఒక్క క్షణమే. ఆ తర్వాత రెండు చేతులూ ఎత్తి, "చూసిండ్రా! పథ్యం లేకున్నా పనిజేసింది నా మందు! గింత బలమున్నదని నాకే తెల్వకపాయె!" అన్నాడు.

ఆ పిల్లను కాపాడబోయి ఇంకా లోతుకు తోశానని అప్పుడు అర్థమైంది. ఆమె అత్త వెంటనే అందుకుంది. "అట్లయితే పథ్యం మాటెందుకు? తొక్కు తిన్నదానికి గూడ అయింది. గీమెకు కాలే. లోపం గీమెదే." కులపెద్ద తువ్వాల దులుపుకుని లేవబోయాడు. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎందుకు మాట్లాడావు అన్నట్టు చూసింది.

ఇక నాకు సిగ్గు లేకపోయింది. ఆమె అత్తను అడిగాను. "నీ కొడుకు ఎన్నొద్దులకొకసారి ఇంటికొస్తడు, అవ్వా?"

"దసరాకొస్తడు. ఎనిమిది దినాలుంటడు."

"గీ మూడు సీసాలు తాగిన నాడు ఇంట్ల ఉన్నడా?"

"ఏడుంటడు? షోలాపూర్‌ల ఉండె."

బావగారి వైపు తిరిగాను. కొంగు తల మీద నుంచి జారింది, సర్దుకోలేదు. "నాకు నాలుగేండ్లు ఎందుకు కాలేదు, బావా? మీ తమ్ముడు కొత్తగూడెంల ఉండె. ఎందుకైంది? వారం వారం ఇంటికొచ్చిండు గనుక. మీరు ఒళ్లు వేడా, చలువా అని అడిగిండ్రు. నిద్ర పడుతదా అని అడిగిండ్రు. పెనిమిటి ఇంట్ల ఉన్నడా అని ఒక్కరినన్న అడిగిండ్రా?"

మా అత్త నోట్లో కొంగు కుక్కుకుంది. బావగారు సరిగ్గానే ఉన్న సీసాలను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు. కులపెద్ద దర్వాజ వైపు చూస్తూ దగ్గాడు. ఆ ముసలామె మాత్రం మమ్మల్ని ఎవరినీ చూడటం లేదు. బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. ఒకసారి తప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. "అయిదేండ్ల లగ్గం" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "నలభై దినాల కాపురం." లేచి కోడలి భుజం పట్టుకుని, "లే, పోదాం. పడవ దాటాలె" అంది. గొంతు మెత్తబడలేదు, కానీ పట్టుకున్న చెయ్యి భుజం మీదే ఉంది. ఆ పిల్ల వెళుతూ సీసాల మూట నా పక్కన పెట్టి, ఎవరికీ వినబడకుండా అడిగింది. "నిజంగనే తిన్నవా, అక్కా, తొక్కు?" "మస్తు తిన్న" అన్నాను. ఆమె నవ్విందో లేదో చెప్పలేను, అప్పటికే గడప దాటింది. ఆమెను ఆ ఏడే షోలాపూర్ పంపించారని తర్వాత ఎవరో చెప్పారు. పిల్లలయ్యారో లేదో నాకు తెలియదు.

మా ఇంట్లో మూడు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. మా ఆయన సెలవుకు రాగానే అత్త వాకిట్లోనే చెప్పింది. "బావ ముంగట గిసొంటి మాటలు మాట్లాడినది నా ఇంట్ల ఉండద్దు. దీన్ని నీ ఎంట తీస్కపో." శిక్ష అనే అనుకుంది పాపం. నేను తలవంచుకుని రేకుపెట్టె సర్దుకున్నాను. తల ఎత్తితే నా ముఖంలో సంతోషం కనబడుతుందని భయం. బస్సులో మా ఆయన ఏం కోపంగా ఉన్నాడోనని పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చివరకు కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "నేను సుత గదే అనుకుంటుంటి. అన్నకు ఎట్ల చెప్పాలెనో తెల్వక ఊకున్న." నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంటే ఏడాదిన్నరగా ఆ ఇంట్లో మేమిద్దరం ఒకే మాటను మింగుతూ, ఒకరికొకరం చెప్పుకోకుండా బతికాం.

కథ అక్కడ అయిపోయిందనుకున్నాను. ఏడాది తర్వాత క్వార్టర్లలో మా పక్కింటామె కిటికీలో ఆ సీసా కనబడింది. అదే తామరపువ్వు, అదే బాబు. సీసాకు చుట్టిన కరపత్రం తీసి చదివాను. సాక్ష్యం అన్న వాక్యం తీసేశారు. ఇప్పుడు సాక్షులు ఎక్కువయ్యారట, పది ఊళ్ల పేర్లు ఉన్నాయి. పథ్యాల దగ్గరికి వచ్చాను. ఒకటి, పులుపు. రెండు, వంకాయ. మూడు, చద్దిది. కింద కొత్తగా నాలుగోది చేర్చారు: "మందు వాడు దినములలో భర్త ఇంటి వద్దనే ఉండవలెను. ఇది తప్పినచో మందు పనిచేయదు."

నా నోటి నుంచి అంత కష్టంగా వచ్చిన మాటను ఆయన సీసాకు అంటించి ఊరూరా పంపుతున్నాడు. కోపం వచ్చింది. ఇంత చెప్పినా మనిషి మారలేదు కదా అనుకున్నాను. పక్కింటామె మాత్రం సంబరంగా చెబుతోంది. "గీ మందు మస్తు పనిజేస్తున్నదట, అక్కా. మా ఆయన గది చదివి, ఓవర్‌టైమ్ బందు పెట్టి పొద్దుగూకకముందే ఇంటికొస్తుండు." మొత్తం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూశాను. "తాగితే తాగు, తాగకున్నా ఏం గాదు. ఆ నాలుగో పథ్యం మాత్రం తప్పకు" అన్నాను.

నిన్న మనుమరాలికి ఇదంతా చెప్పాను. అది నవ్వింది, నవ్వి నవ్వి ఊరుకుంది, తర్వాత ఫోన్ పక్కన పెట్టి, వాళ్లాయన డ్యూటీ హైదరాబాద్‌లో, తన డ్యూటీ ఇక్కడ అని మెల్లగా చెప్పింది. దాని వేళ్లు వాటంతట అవే ఒడిలో ఏదో లెక్కపెట్టడం చూస్తూ కూర్చున్నాను. ఆ కడిగిన సీసాల్లో ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఆముదం పోసుకుంటాను. దాంట్లో ఒకప్పుడున్న మందు రుచి ఎట్లా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. గుమ్మి వెనక భయపడుతూ తిన్న తొక్కు పులుపు మాత్రం ఇన్నేళ్లయినా నాలుక మీద నుంచి పోలేదు.